ఒక మనిషి, రెండు జబ్బులు, మూడు ఫోన్ నంబర్లు

14416కు ఫోన్ చేస్తే మానసిక సమస్యల గురించి మాట్లాడతారు. 14446కు చేస్తే తాగుడు, మత్తు మానే దారి చెబుతారు. తేడా ఒక్క అంకె. మొదటిది 2022 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ మొదలుపెట్టిన టెలీ మానస్. రెండోది సామాజిక న్యాయ శాఖది. మత్తుపదార్థాల సమాచారం అందించమంటూ 2024లో హోం శాఖ 1933 తెచ్చింది. విచిత్రంగా దాని పేరు కూడా ‘మానస్’! చెవిలో మాటలు వినపడుతున్నాయని తాగేవాడి ఇంట్లోవాళ్లు వీటిలో ఏది నొక్కాలి?

ఇదేదో అరుదైన కేసు అనుకోవద్దు. అమెరికాలో 20 వేలకు పైగా పెద్దలను పరిశీలించి 1990లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తాగుడు జబ్బుగా మారినవాళ్లలో 37 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మానసిక వ్యాధి కూడా వచ్చింది. ఇతర మత్తుమందుల వాడకం జబ్బుగా మారినవాళ్లలో అది 53 శాతం. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో 47 శాతం మంది ఏదో ఒక మత్తుకు చిక్కినవాళ్లే.

మన దేశంలో ఏ ఒక్కదానికైనా వైద్యం అందడమే కష్టం. మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన 2015-16 జాతీయ సర్వేలో మద్యం సమస్య ఉన్న ప్రతి 100 మందిలో 86 మందికి, డిప్రెషన్ ఉన్న 100 మందిలో 85 మందికి చికిత్స అందడం లేదని తేలింది. 2019లో ఎయిమ్స్ నివేదిక మద్యానికి పూర్తిగా బానిసలైనవాళ్లు 2.9 కోట్ల మందని, వాళ్లలో ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందిందని లెక్కగట్టింది. మద్యం సమస్య 10 శాతం దాటిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

రెండూ ఉన్నవాడికి మానసిక వైద్యం, వ్యసన చికిత్స అనే రెండు గుమ్మాల దగ్గరా ఒకే రకం మాట వినిపిస్తుంది. ‘ముందు తాగుడు మాన్పించి తీసుకురండి’ అని ఒకరు, ‘మెంటల్ కేసు మేం చేర్చుకోం’ అని ఇంకొకరు. మొదటి మాటలో కొంత నిజం లేకపోలేదు. మద్యమే దిగులు పుట్టిస్తుంది, మానేసిన రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందిలో ఆ దిగులు తగ్గుతుంది. అందుకే జబ్బుకు పేరు పెట్టడానికి డాక్టరు కొన్నాళ్లు ఆగవచ్చు. కానీ పేరు పెట్టడానికి ఆగడం వేరు, వైద్యం ఆపడం వేరు. ఆ నాలుగు వారాల్లోనే ప్రాణం తీసుకునే ఆలోచన రావచ్చు. 2022లో దేశంలో నమోదైన 1,70,924 ఆత్మహత్యల్లో 6.8 శాతానికి మద్యం, మత్తు వ్యసనాన్నే కారణంగా రాశారు.

గదిలో పెట్టి తాళం వేసి మాన్పించడం ఇంకా ప్రమాదం. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు హఠాత్తుగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య ఒళ్లంతా వణకడం, లేనివి కనపడటం, ఎక్కడున్నాడో తెలియకపోవడం మొదలవచ్చు. దీనివల్ల చనిపోయేవాళ్లూ ఉన్నారు. 2015లో నిజామాబాద్ వైపు కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు తెలంగాణ ఇది కళ్లారా చూసింది. అల్ప్రాజొలాం, డైజిపామ్ లాంటి మత్తు మందులు కలిపిన కల్లుకు అలవాటుపడ్డ ఒళ్లు, అది ఒక్కసారిగా దొరక్కపోయేసరికి తల్లడిల్లింది. పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ, ఫిట్స్‌తో జనం ఆసుపత్రులకు చేరారు. కల్తీని ఆపాల్సిందే, కాదనను. కానీ దాడులకు ముందే మంచాలు, మందులు సిద్ధం చేసుకోవాల్సింది.

మందుల దగ్గరా ఒక జబ్బు రెండోదాన్ని తాకుతుంది. తాగుడు మాన్పించడానికిచ్చే డైసల్ఫిరామ్ కొందరిలో చెవిలో మాటలను, అనుమానాలను పెంచుతుంది. సిగరెట్ పొగ స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్, ఒలాంజపిన్ మందులు ఒంట్లోంచి త్వరగా పోయేలా చేస్తుంది. పొగ తాగనివ్వని వార్డులో చేరితే అదే మోతాదు రక్తంలో ఎక్కువైపోతుంది. అందుకే రోజుకు ఎన్ని సిగరెట్లో డాక్టరుకు చెప్పాలి, మానేసినా చెప్పాలి. తాగిన రోజు మాత్ర వేయాలో వద్దో కూడా ముందే అడిగి పెట్టుకోవాలి. నిద్రమాత్రల మీద మద్యం పడితే ఊపిరి మందగిస్తుంది.

రెండు గుమ్మాలు తొక్కనక్కర్లేని దారీ ఉంది. అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో రాబర్ట్ డ్రేక్ అనే సైకియాట్రిస్టు బృందం పెంచి పోషించిన పద్ధతిలో రెండు జబ్బులనూ ఒకే జట్టు చూస్తుంది. దానికి నాలుగు దశలు: దగ్గరవడం, ఒప్పించడం, చికిత్స, మళ్లీ జారకుండా కాపాడటం. మొదటి దశలో తాగుడు మానాలన్న షరతే ఉండదు. వచ్చి కూర్చుంటే చాలు. మన కుటుంబాలకు మింగుడుపడనిది ఇదే, నాకు మాత్రం అందులో అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు ఇదే అనిపిస్తుంది.

ఇక డబ్బు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక వ్యాధిలోనే కలిపింది. ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే వీటికీ బీమా ఇవ్వాలంది. చాలా పాలసీల్లో మాత్రం వ్యసన చికిత్సకు, దాని పర్యవసానాలకు చెల్లించబోమన్న మినహాయింపు ఉంటుంది. ఆసుపత్రిలో చేర్చకముందే ఆ పేజీ చదివి, మానసిక వ్యాధి పేరు కూడా కేస్‌షీట్‌లో ఉందో లేదో డాక్టరును అడిగి చూసుకోవాలి.