మేఘాల అడవి మీదుగా కినబాలు శిఖరానికి

ప్రపంచ పటం తీసి భూమధ్యరేఖ మీద వేలు పెట్టి తూర్పుగా జరపండి. సుమత్రా దాటాక బోర్నియో అనే పెద్ద దీవి తగులుతుంది. మలేసియా, ఇండొనీసియా, బ్రూనై అనే మూడు దేశాలు ఈ ఒక్క దీవిని పంచుకున్నాయి. దీని ఉత్తరపు కొసన మలేసియాకు చెందిన సబా రాష్ట్రం ఉంది. అక్కడ దట్టమైన వర్షారణ్యం నడుమ నుంచి ఒక బూడిదరంగు రాతికొండ మేఘాలను చీల్చుకుని పైకి లేచి ఉంటుంది. దాని పేరు కినబాలు. ఎత్తు 4,095 మీటర్లు.

హిమాలయాల పక్కన నిలబెడితే ఇది పొట్టి కొండే. కానీ పర్వతారోహణ విద్య నేర్వనివారు కూడా రెండు రోజుల్లో ఎక్కి దిగగల కొండ కావడం వల్ల, జన్మలో ఎన్నడూ కొండ ఎక్కని వాళ్లెందరో మొదటి ప్రయత్నానికి దీన్నే ఎంచుకుంటారు. తిరుమల మెట్లు ఎక్కిన వాళ్లు మీలో చాలామంది ఉంటారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉన్నాయి గదా! కినబాలు మీద మొదటి రోజు ఎక్కవలసిన ఎత్తు అంతకన్నా చాలా ఎక్కువ. పైగా వాన కూడా తోడవుతుంది.

దారి 1,866 మీటర్ల ఎత్తున ఉన్న టింపోహోన్ ద్వారం దగ్గర మొదలవుతుంది. అనుమతి పత్రం లేనిదే లోపలికి వదలరు. స్థానికుడైన మార్గదర్శిని వెంట తీసుకెళ్లి తీరాలి. ఈ మార్గదర్శుల్లో ఎక్కువమంది కొండ కింది పల్లెల్లో ఉండే దుసున్ ప్రజలు. చనిపోయిన తమ పూర్వీకుల ఆత్మలు ఈ కొండ మీద నివసిస్తాయని వారి నమ్మకం. 1851లో హ్యూ లో అనే ఆంగ్లేయుడు ఈ కొండ ఎక్కినపుడు కూడా దారి చూపింది దుసున్లే. శిఖరానికి మాత్రం ‘లోస్ పీక్’ అని ఆయన పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే, ఆయన పైనున్న రాతి మైదానం వరకే వెళ్లాడు గాని అసలు కొసకు చేరలేదు. అక్కడికి 1888లో జాన్ వైట్‌హెడ్ అనే మరొక ఆంగ్లేయుడు చేరాడు.

సరే, నడక మొదలుపెడదాం. మొదటిసారి ఎక్కేవాళ్లు హుషారుగా పరుగులాంటి నడకతో బయలుదేరి, అరగంటకల్లా చెట్టు మొదట్లో కూలబడతారు. ఎందుకో తెలుసా? కాలి కండరాలు ఒక్కసారిగా ఎక్కువ పనికి పూనుకుంటే వాటికి కావలసిన ఆక్సిజన్‌ను గుండె, ఊపిరితిత్తులు వెంటనే అందించలేవు. అవి వేగం పుంజుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ లోపలే వేగం మితిమీరితే ఆక్సిజన్ చాలక కండరాల్లో లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది, ఆయాసం ముంచుకొస్తుంది. పక్కవారితో మాట్లాడుతూ నడవగలుగుతున్నారా? అదే సరైన వేగం. మాట మధ్యలో తెగిపోతుంటే తగ్గించండి. పైనున్న వసతి గృహాలకు సరుకులు మోసే కూలీలను ఆ దారిలో చూడవచ్చు. వీపున పెద్ద బరువులతో, ఒకే తీరుగా, అడుగు తరువాత అడుగు వేస్తూ పోతుంటారు. నడక ఎలాగో వారిని చూసి నేర్చుకోవచ్చు.

అడవి ఎందుకు పొట్టిదవుతుంది?

కినబాలులో గొప్పతనం ఏమిటంటే, కొద్ది కిలోమీటర్ల నడకలోనే అడవి నాలుగైదు వేషాలు మారుస్తుంది. సముద్ర తీరంలో ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెంటీగ్రేడు ఉందనుకోండి. ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. శిఖరం మీద ఎంత ఉంటుందో కాగితం మీద లెక్క వేసి చూడండి. అయిదారు డిగ్రీలు వస్తే మీ లెక్క సరైనదే. అదీ పగటి మాట. తెల్లవారుజామున సున్నాకు దగ్గరగా పడిపోతుంది. విశాఖపట్నంలో చెమటలు కక్కుతూ రైలెక్కి, అరకులో దిగేసరికి హాయిగా అనిపించడానికి కారణం ఇదే.

కింద ఉన్నది ఆకాశాన్నంటే చెట్ల అడవి. టింపోహోన్ దగ్గర ఓక్ చెట్లు, చెట్టంత ఎత్తు పెరిగే ఫెర్న్ మొక్కలు కనిపిస్తాయి. 2,200 మీటర్లు దాటాక మేఘాల రాజ్యం వస్తుంది. చెట్లు వంకర్లు తిరిగి, కొమ్మలనిండా నాచు తొడుక్కుని, దిష్టిబొమ్మల్లా కనిపిస్తాయి. ఇక్కడ వాన పడనక్కరలేదు. కొమ్మల మధ్య నుంచి మేఘం పోతుంటే నాచు దాన్ని దువ్వెనలా దువ్వి నీటి చుక్కలను పట్టేస్తుంది. ఆ నీరే బొట్లుబొట్లుగా నేలకు జారి వాగులకు చేరుతుంది. ఇంత నీరున్నా చెట్లు ఎదగవేం? మేఘం ఎండను అడ్డుకుంటుంది. చలికి రాలిన ఆకులు త్వరగా కుళ్లవు, కనుక వాటిలోని పోషకాలు మట్టిలోకి తిరిగి రావడం ఆలస్యమవుతుంది. తిండి తక్కువైన చెట్టు పొట్టిగానే ఉండిపోతుంది మరి.

లయాంగ్-లయాంగ్ అనే మజిలీ దాటాక మట్టి రంగు నారింజ పసుపులోకి మారుతుంది. ఇది భూమి లోతుల్లో పుట్టిన ఒక జాతి శిల అరిగి ఏర్పడిన మట్టి. ఇందులో నికెల్ వంటి లోహాలు ఎక్కువ, మొక్కలకు కావలసిన నత్రజని, భాస్వరం తక్కువ. ఇలాంటి చోట బతకడానికి కొన్ని మొక్కలు వేటకు దిగాయి. అవే కూజా మొక్కలు, అంటే నెపెంథిస్‌లు. ఆకు కొస కూజాలా మారి, అందులో జీర్ణరసం నిండి ఉంటుంది; అంచు మీద వాలిన పురుగు జారి అందులో పడుతుంది.

వీటిలో అన్నిటికన్నా పెద్దది నెపెంథిస్ రాజా. సరవాక్‌ను ఏలిన జేమ్స్ బ్రూక్ అనే రాజా గౌరవార్థం ఈ పేరు పెట్టారు. ఇది కినబాలు మీదా, పక్కనున్న తంబుయుకోన్ కొండ మీదా తప్ప సహజంగా మరెక్కడా పెరగదు. పెద్ద కూజాలో మూడు లీటర్ల నీళ్లు పడతాయి! ఎలుకలు కూడా అప్పుడప్పుడు అందులో పడి చచ్చిపోతాయి. అసలు సంగతి మాత్రం అంతకన్నా విచిత్రమైనది. ఉడుతను పోలిన టుపాయా అనే చిన్న జంతువు కూజా మూత కింద ఊరే తీయని రసాన్ని నాకడానికి వస్తుంది. (దీని చుట్టం ఒకటి మన తూర్పు కనుమల్లోనూ ఉంది.) మూతకూ కూజా నోటికీ మధ్య దూరం సరిగ్గా ఆ జంతువు ఒంటి పొడవుకు అతికినట్టుంటుంది. అందువల్ల అది రసం నాకుతున్నంతసేపూ దాని వెనుక భాగం కూజా మీదే ఉంటుంది. అది వేసిన పెంట కూజాలో పడుతుంది, మొక్కకు కావలసిన నత్రజని దొరుకుతుంది! మరుగుదొడ్డిగా మారిన మొక్క అన్నమాట. దారి పక్కన మీకు కనబడేది రాజా కాదు, దాని బంధువైన విల్లోసా. ముట్టుకోకండి.

జలగల భయం ఉన్నవారికి ఒక కబురు. ఈ కొండ మీద 30 సెంటీమీటర్లకు మించి పొడవుండే నారింజ ఎరుపు జలగ ఉంది. వాన వెలిసినపుడు బయటికి వస్తుంది. కానీ అది మనుషుల రక్తం తాగదు. ఇక్కడి భారీ వానపాములను సేమ్యాలా లోపలికి పీల్చి మింగేస్తుంది.

పరుపుల దొంతర

సాయంత్రానికి 3,272 మీటర్ల ఎత్తున ఉన్న పనలబాన్ వసతి గృహాలు చేరతారు. అక్కడ కొందరికి తలనొప్పి మొదలవుతుంది. పది పరుపులను ఒకదాని మీద ఒకటి పేర్చితే అడుగు పరుపు నలిగి దట్టంగా అవుతుంది, పైది పొంగి ఉంటుంది గదా! గాలి కూడా అంతే. ఎక్కడైనా గాలిలో ఆక్సిజన్ వాటా 21 శాతమే. కానీ కినబాలు శిఖరం మీద గాలి పీడనం సముద్ర మట్టం దగ్గర ఉన్నదానిలో సుమారు 60 శాతమే కనుక, ఒక్కొక్క శ్వాసలో అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గిపోతుంది. తలనొప్పి, వికారం, తల తిరగడం దీని లక్షణాలు. దీనికీ కండబలానికీ సంబంధం లేదు. కబడ్డీ వీరుడు కూలబడవచ్చు, అతని చెల్లెలు చకచకా ఎక్కిపోవచ్చు. నొప్పి పెరుగుతూ, వాంతులై, నడక తడబడుతుంటే మందు ఒక్కటే: వెంటనే కిందికి దిగడం. శిఖరం ఇంకా రెండు కిలోమీటర్లే ఉందన్న ఆశతో ఆ దశలో ముందుకు సాగినవారికి మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. ఎక్కే ముందు కొండ పాదాన ఒక రాత్రి గడిపితే శరీరం కొంత అలవాటు పడుతుంది.

రెండో ప్రమాదం తడి. నూలు బట్ట నీటిని పీల్చి వదలదు. ఆ నీరు ఆవిరవుతూ ఒంటి వేడిని లాక్కుపోతుంది. పై గాలికి తోడు తడి బట్టలుంటే, మంచు లేకపోయినా మనిషి చలికి కొయ్యబారిపోతాడు. అందుకే పొడి ఉన్ని చొక్కా ఒకటి ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి దాచుకోవాలి. తొడుక్కున్న నాలుగు నూలు చొక్కాలకన్నా అది మేలు.

అర్ధరాత్రి దాటాక రెండు గంటల ప్రాంతంలో నుదుటికి దీపాలు కట్టుకుని మళ్లీ బయలుదేరతారు. సూర్యోదయం చూడాలన్న సరదా ఒక్కటే కారణం కాదు. పొద్దెక్కితే అడవిలోని తేమగాలి వేడెక్కి కొండ వాలు వెంట పైకి లేస్తుంది, చల్లబడి మేఘమవుతుంది. ఆ మేఘం వానై కురిస్తే నున్నటి బండ మీద కాలు నిలవదు. అందుకే తెల్లారేసరికి ఎక్కి, మేఘాలు రాకముందే దిగడం మొదలుపెట్టాలి. చెట్లు ఆగిపోయి ఉత్త రాయి మిగిలాక, కట్టిన తాళ్లు పట్టుకుని నడుస్తారు.

ఆ రాయి గ్రానైట్. సుమారు 70, 80 లక్షల ఏళ్ల కిందట భూగర్భంలో కరిగిన శిలాద్రవం గట్టిపడి ఏర్పడింది. తరువాత పైకి లేచింది, మీద కప్పి ఉన్న మెత్తని శిలలు వానలకు కొట్టుకుపోయాయి. మంచు యుగంలో ఈ శిఖరం మీద హిమానీనదం పరుచుకుని ఉండేది! భూమధ్యరేఖకు ఇంత చేరువలో! జారే మంచు గీసిన గీతలు, చేసిన నునుపు రాతి మీద ఇప్పటికీ కనిపిస్తాయి.

కొండ కదలకుండా కూర్చుందని అనుకోకండి. 2015 జూన్ 5 ఉదయం ఇక్కడ 6.0 తీవ్రత గల భూకంపం వచ్చింది. బండరాళ్లు దొర్లిపడి 18 మంది చనిపోయారు. వారిలో సింగపూర్ నుంచి వచ్చిన బడిపిల్లలు, వారి ఉపాధ్యాయులు, పిల్లల వెంట ఉన్న మార్గదర్శులు కూడా ఉన్నారు. మేఘాల వల్ల హెలికాప్టర్లకు ఆటంకమైంది. మీద చిక్కుకున్న వందమందికి పైగా జనాన్ని, దారి తెగిపోయినా, దుసున్ మార్గదర్శులే నడిపించుకుని కిందికి తెచ్చారు. దారులను బాగుచేసి, ఆ ఏడాది డిసెంబరులో శిఖరానికి మళ్లీ అనుమతించారు.

దిగడం తేలికని అందరూ అనుకుంటారు. ఊపిరికి తేలికే, తొడలకు కాదు. ఎక్కేటపుడు కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. దిగేటపుడు శరీరం పడిపోకుండా పట్టి ఉంచుతూ, అదే సమయంలో సాగుతుంది. అలా సాగడంలో సన్నని కండర తంతువులు అక్కడక్కడ చిట్లుతాయి. నొప్పి ఆ రోజు రాదు. మరునాడు, ఆ మరునాడు వస్తుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకోవడం వల్లనని చాలామంది చెబుతారు గాని, అది గంటా గంటన్నరలోనే రక్తంలో కలిసి ఖర్చయిపోతుంది. చిట్లిన తంతువులు వారంలో అతుక్కుంటాయి, మునుపటికన్నా కాస్త గట్టిగా. అందాకా కినబాలు దిగి వచ్చినవారు హోటలు మెట్లను వెనక్కు తిరిగి, ఒక్కొక్కటిగా దిగుతుండగా చూడవచ్చు.