డిస్కును తాకని ఫైలు

పైథాన్ భాషలో స్ట్రింగ్ఐఓ అనే ఫైలు ఒకటుంది. దానికి పేరుండదు, ఫోల్డరుండదు, డిస్కు మీద ఒక్క అక్షరమూ పడదు. ఉండేదంతా మెమరీలోనే. అయినా ప్రోగ్రాములు దాన్ని అసలు ఫైలులాగే చదువుతాయి, దానిలో రాస్తాయి.

దీని మూలాలు యూనిక్స్‌లో ఉన్నాయి. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ఆ వ్యవస్థకు పునాది వేశారు. టెర్మినలైనా, టేపైనా అందులో ఫైలు కిందే లెక్క. 1973లో డగ్లస్ మెకిల్రాయ్ పట్టుబట్టి అడిగితే థాంప్సన్ పైపులు చేర్చాడు. ఒక ప్రోగ్రాము రాసింది నడుమ డిస్కు ఫైలేదీ లేకుండానే మరో ప్రోగ్రాముకు అందసాగింది.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐలో పనిచేస్తూ గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన పైథాన్ ఈ ఆలోచనకు చక్కగా సరిపోయింది. సీఎస్‌వీ పట్టిక తయారుచేసే రైటర్‌నే చూడండి. మనం ఇచ్చిన వస్తువు ఏ జాతిదని అది అడగదు. దానికి 'రైట్' చేయడం వస్తే చాలు. అందుకే ఒక వెబ్‌సైటు మార్కుల పట్టికను స్ట్రింగ్ఐఓలో రాసి, 'గెట్‌వేల్యూ'తో మొత్తం తీసుకుని, నేరుగా విద్యార్థి బ్రౌజరుకు పంపగలదు. తాత్కాలిక ఫైలు సృష్టించడం, తర్వాత గుర్తుపెట్టుకుని చెరపడం అనే బాధే ఉండదు.

దీని నడక ఒక తెలుగు మాటతో చూద్దాం. 'తెలుగు' అనే పాఠంతో స్ట్రింగ్ఐఓ తెరిస్తే లోపలి సూచిక సున్నా దగ్గర నిలబడుతుంది. అప్పుడు 'వ' అని రాస్తే అది ముందుకొచ్చి చేరదు, ఉన్న 'త' స్థానంలో కూర్చుంటుంది. వెనకున్న ఎత్వం కదలదు. గెట్‌వేల్యూ అడిగితే వచ్చేది 'వెలుగు'. సూచిక ఇప్పుడు 1 దగ్గర ఉంది కాబట్టి, వెంటనే 'రీడ్' చేస్తే ఆ ఎత్వం దగ్గర్నుంచే వస్తుంది. మొదటినుంచి కావాలంటే 'సీక్'తో సూచికను సున్నాకు తేవాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే: ఖాళీ స్ట్రింగ్ఐఓలో రాసిన వెంటనే చదివి, ఏమీ రాలేదని కంగారుపడతారు.

పైథాన్ 2 కాలంలో తెలుగుకు ఈ సౌకర్యం అంత సులువుగా దక్కలేదు. వేగం కోసం జిమ్ ఫుల్టన్ సీ భాషలో రాసిన సీస్ట్రింగ్ఐఓను చాలామంది వాడేవారు. ఆస్కీలోని 128 సంకేతాల్లో ఇమడని యూనికోడ్ పాఠాన్ని అది తీసుకునేది కాదు. మామూలు స్ట్రింగ్ఐఓ తీసుకునేది గానీ, యూనికోడ్ పాఠాన్నీ బైట్లలో ఉన్న తెలుగునూ కలిపి రాస్తే చివర గెట్‌వేల్యూ దగ్గర దోషం బయటపడేది. తప్పు జరిగిన వరుస ఎక్కడో, కేక వినపడేది మరెక్కడో. ఇంగ్లీషు సంకేతాలే చాలనుకుని కట్టిన పనిముట్లు మిగతా భాషలవాళ్లమీద మోపిన శ్రమ ఇది. దాన్ని చిన్నదిగా తీసిపారేయలేను.

2007లో డేనియల్ స్టట్జ్‌బాక్, వాన్ రోసమ్, మైక్ వెర్డోన్ కలిసి పెప్ 3116 అనే ప్రతిపాదన రాశారు. పాఠం వేరు, బైట్లు వేరు అని అది గీత గీసింది. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3.0లో పాఠానికి స్ట్రింగ్ఐఓ, బైట్లకు బైట్స్ఐఓ నిలిచాయి. 'తెలుగు'ను మొదటిదానిలో రాస్తే 6 అంటుంది: మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. అదే మాటను యూటీఎఫ్-8లోకి మార్చి రెండోదానిలో రాస్తే 18 అంటుంది, ఎందుకంటే ఒక్కో గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. ఇలా విడదీయడమే ఈ కథలో అన్నిటికన్నా మంచి పని అని నా అభిప్రాయం.

దీనికీ హద్దులున్నాయి. 'క్లోజ్' చేస్తే లోపలిదంతా పోతుంది, కాబట్టి అంతకుముందే గెట్‌వేల్యూ తీసుకోవాలి. పాఠం పెరిగేకొద్దీ మెమరీ కూడా తింటుంది. ఎంత పెరుగుతుందో తెలియనప్పుడు స్పూల్డ్ టెంపరరీ ఫైల్ వాడటం మేలు. మెమరీలో ఎంతవరకు ఉండాలో మనం ముందే చెబితే, ఆ హద్దు దాటగానే అది తనంతట తానే డిస్కు మీదికి మారుతుంది. రాస్తున్న ప్రోగ్రాములో ఒక్క వరుసా మార్చక్కర్లేదు.