అల్లరి వెనుక ఏముంది?

కోనసీమలో పంటకాలువకు గండి పడితే రైతులు నీటిని తిట్టరు, కర్రతో కొట్టరు. గండి పూడ్చి ఊరుకోరు కూడా. గట్టు ఎక్కడ బలహీనపడింది, నీరు ఒక్కసారిగా ఎందుకు పెరిగింది, దిగువన తూము మూసుకుపోయిందా అని చూస్తారు. కారణం తెలుసుకోకపోతే మరోచోట గండి పడుతుందని వారికి తెలుసు.

మరి తరగతిలో ఒక విద్యార్థి గోల చేస్తే మనం ఏం చేస్తున్నాం? ముమ్మిడివరంలోనైనా, అమలాపురంలోనైనా, మీ ఊళ్ళోనైనా జరిగేది ఒకటే. "వాడింతే", "పోకిరీ", "మొద్దు" అని ఒక పేరు పెట్టేస్తాం. కాని పేరు కారణం కాదు. జ్వరం వచ్చినవాణ్ణి "జ్వరగాడు" అని పిలిస్తే జ్వరం తగ్గుతుందా? పైగా రోజూ "పోకిరీ" అని వినే కుర్రాడు కొన్నాళ్ళకు తానూ అదే నమ్ముతాడు. ఆ తరువాత బడి మానేసినా మానేస్తాడు.

ప్రవర్తనకూ కారణాలుంటాయి. వాటిని శాస్త్రీయంగా వెతకవచ్చు. ఎలాగో చూద్దామా?

పిల్లి చెప్పిన సంగతి

అమెరికాకు చెందిన థార్న్‌డైక్ అనే శాస్త్రజ్ఞుడు 1898లో తన ప్రయోగాల వివరాలు ప్రకటించాడు. ఆయన ఆకలితో ఉన్న పిల్లిని ఒక పెట్టెలో ఉంచి, బయట ఆహారం పెట్టేవాడు. లోపలి తాడునో మీటనో కదిపితే తలుపు తెరుచుకుంటుంది. పిల్లి గీరింది, కొరికింది, అటూ ఇటూ దూకింది. చివరకు అనుకోకుండా మీట కదిలింది. మళ్ళీ మళ్ళీ అదే పెట్టెలో ఉంచితే, బయటపడేందుకు పట్టే సమయం తగ్గుతూ వచ్చింది. మంచి ఫలితం ఇచ్చిన పని మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. దీన్నే "ఫలిత నియమం" అన్నారు.

ఇప్పుడు ఈ నియమాన్ని తరగతిగదిలోకి తెద్దాం. మాస్టారు బోర్డువైపు తిరగగానే వెనకబెంచీ కుర్రాడు కాకిలా అరిచాడనుకోండి. తరగతంతా గొల్లున నవ్వింది. పిల్లికి ఆహారంలాంటి బహుమానం ఇక్కడ ఎవరిచ్చారు? మాస్టారు కాదు, మీరే!

మరొక కుర్రాడున్నాడు. లెక్కల పీరియడులోనే పక్కవాడితో తగవు పెట్టుకుంటాడు. మాస్టారు అతణ్ణి బయట నిలబెడతారు. అది శిక్ష అనుకుంటాం. కాని లెక్క రాక, బోర్డు దగ్గర నవ్వులపాలవుతానని భయపడేవాడికి అది తప్పించుకునే దారి. చూశారా, ఇద్దరిదీ అల్లరే. ఒకడికి కావలసింది మన చూపు, ఇంకొకడికి కావలసింది మన చూపునుంచి విముక్తి. ఇద్దరికీ ఒకే మందు ఎలా పనిచేస్తుంది?

బెత్తం ఏం చేస్తుంది?

స్కిన్నర్ అనే మరో అమెరికా శాస్త్రజ్ఞుడు 1938లో ఒక ప్రయోగం గురించి రాశాడు. మీట నొక్కితే ఆహారం వస్తుందని ఎలుకలకు అలవాటు చేశాడు. తరువాత ఆహారం ఆపేశాడు. కొన్ని ఎలుకలకు మాత్రం, మొదట్లో మీట నొక్కినప్పుడల్లా కాలిమీద దెబ్బ తగిలేట్టు చేశాడు. అవి వెంటనే నొక్కడం తగ్గించాయి. బెత్తం గెలిచిందనిపిస్తుంది కదూ! కాని దెబ్బలు ఆగాక అవి మళ్ళీ నొక్కసాగాయి. రెండో రోజు చివరికి లెక్కచూస్తే, దెబ్బలు తిన్నవీ తిననివీ దాదాపు సమానంగానే నొక్కాయి. దెబ్బ అలవాటును కాసేపు అణచింది, చెరపలేదు.

మనిషి ఎలుక కాదు నిజమే. మనిషికి దెబ్బతోపాటు అవమానం కూడా తగులుతుంది. కొంతకాలం స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన రచయిత చలం "బిడ్డల శిక్షణ" అనే పుస్తకమే రాశాడు. పిల్లల్ని కొట్టడాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో 1966నాటి విద్యానిబంధనలను సవరించి, బడులలో శారీరక శిక్షను నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 17వ సెక్షనులో, కొట్టడాన్నే కాక మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది.

కంటికి కనపడని కారణాలు

కొన్ని కారణాలు శరీరంలో ఉంటాయి. బోర్డుమీది అక్షరాలు సరిగా కనపడనివాడు పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూస్తాడు. చెవి సరిగా వినపడనివాడు చెప్పిన మాట విననట్టే కనిపిస్తాడు. ఖాళీకడుపుతో వచ్చినవాడికీ, నిద్ర చాలనివాడికీ కోపం త్వరగా వస్తుంది. మీ వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి.

మెదడు సంగతీ ఉంది. నుదుటి వెనుకనున్న భాగం "ఆగు, ఆలోచించు" అని చెబుతుంది. అది పూర్తిగా ఎదగడానికి ఇంచుమించు 25 ఏళ్ళు పడుతుంది. ఆవేశానికి సంబంధించిన భాగాలు అంతకంటే ముందే చురుకుగా ఉంటాయి. అంటే బండికి ఇంజను ముందు వచ్చి, బ్రేకులు తరువాత వస్తున్నాయన్నమాట!

ఇంటి కష్టాలూ బడికి వస్తాయి. 2022 జూలైలో గోదావరి వరద కోనసీమ లంకగ్రామాలను ముంచెత్తింది. ఇల్లు మునిగిన పిల్లవాడు తరగతిలో ముభావంగా ఉన్నా, చీటికీమాటికీ చిరాకుపడినా ఆశ్చర్యమేముంది?

మీరే చేసి చూడండి

ఒక నోటుపుస్తకంలో మూడు గడులు గీయండి: ముందు ఏం జరిగింది? నేనేం చేశాను? తరువాత నాకేం దొరికింది? వారంరోజులపాటు మీ కోపాన్నీ, అల్లరినీ ఇందులో రాయండి. ఇతరులది కాదు, మీదే! ఏ పీరియడులో, ఎవరి పక్కన, ఏ వేళకు ఎక్కువ జరుగుతోందో మీకే తెలుస్తుంది.

తరువాత స్నేహితులంతా మరో ప్రయోగం చేయవచ్చు. కాకి అరుపుకు నవ్వడం మానండి. మొదట్లో అరుపు తగ్గకపోగా పెరగవచ్చు. అలవాటైన బహుమానం ఆగితే అలా జరగడం సహజం, కంగారుపడకండి. అయితే నవ్వు మానడంతో సరిపోదు. అతనికి కావలసింది మీ దృష్టి కదా! దాన్ని వేరేచోట ఇవ్వండి. ఆటకు పిలవండి. అతనికి వచ్చిన పని మీకు నేర్పమనండి. లెక్కలకు జంకేవాడి పక్కన కూర్చుని ఒక మెట్టు చూపండి.

ఒక్క హెచ్చరిక. కారణం తెలుసుకోవడమంటే తప్పును ఒప్పుకోవడం కాదు. ఎవరైనా కొడుతున్నా, బెదిరిస్తున్నా మీలో దాచుకోవద్దు. నమ్మకమున్న మాస్టారికో, ఇంట్లో పెద్దలకో చెప్పండి. పిల్లల సహాయం కోసం 1098 నంబరు కూడా ఉంది.

రేపు తరగతిలో ఎవరైనా అల్లరి చేస్తే "వాడింతే" అనకండి. "ఎందుకు?" అని అడగండి. శాస్త్రం మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే.