ఆఫ్రికా తెరపై మన ఊరి కథ

సినిమా చూడటం అందరికీ తెలిసిన విద్యే. చూచినదానిని విమర్శించటం మాత్రం అభ్యాసం వలన అలవడవలసిన విద్య. ఒక చలనచిత్రోత్సవంలో కొన్ని స్వతంత్ర చిత్రాలను, ఆఫ్రికా చిత్రాలను చూచే అవకాశం మాకు కలిగినప్పుడు ఈ సంగతి స్పష్టంగా తెలిసివచ్చింది.

తొలిరోజున ప్రదర్శనశాల నుండి వెలుపలికి వస్తూ మేము చెప్పుకొన్న మాటలను తలచుకొంటే ఇప్పుడు సిగ్గు కలుగుతున్నది. "పాటలు లేవు, కథ కదలదు" అన్నవారు కొందరు. "విదేశీ చిత్రం కదా, గొప్పదే అయి ఉంటుంది" అన్నవారు మరికొందరు. ఈ రెండింటిలో ఏదీ విమర్శ కాదు. మొదటిది అలవాటు; రెండవది భయభక్తి. ఈ రెండింటినీ విడిచి చూడటం ఎట్లాగో, మేము చూచిన మూడు చిత్రాల ద్వారా వివరించటమే ఈ వ్యాసోద్దేశం.

పెద్ద పెట్టుబడిపైన, తారల ఆకర్షణపైన ఆధారపడక, దర్శకుడు తాను చెప్పదలచినదాని కోసం తక్కువ వ్యయంతో తీసినదానిని స్వతంత్ర చిత్రం అంటాము. ఆఫ్రికాలో ఈ ప్రయత్నానికి రాజకీయ స్వాతంత్ర్యంతో కూడ సంబంధం ఉన్నది. ఫ్రెంచి వలసరాజ్యాలలో ప్రభుత్వానుమతి లేనిదే చిత్రీకరణ చేయరాదని 1934లో శాసనం వచ్చింది. అందుచేత ఆఫ్రికావాసి తన జీవితాన్ని తానే తెరకెక్కించుకొనటం చాలాకాలం సాధ్యపడలేదు. మన డెల్టాలోని యానాం కూడ 1954 వరకు ఆ ఫ్రెంచి పాలనలోనే ఉండేదని గుర్తుంచుకొంటే, సెనెగల్ దేశం మనకు మరీ దూరమని తోచదు.

సెనెగల్ 1960లో స్వతంత్రమైంది. ఆ దేశపు దర్శకుడు ఉస్మాన్ సెంబేన్ (1923–2007) మార్సెయి రేవులో బరువులు మోసిన కార్మికుడు, తరువాత నవలాకారుడు. తాను ఎవరిని గూర్చి వ్రాస్తున్నాడో వారిలో అధికులకు చదువు రాదని గ్రహించి, నడివయస్సులో మాస్కో వెళ్ళి సినిమా విద్య అభ్యసించాడు.

ఆయన 1966లో తీసిన 'నల్లపిల్ల' ఒక గంటసేపు నడిచే చిన్న చిత్రం. డాకర్ నగరంలో ఒక ఫ్రెంచి కుటుంబంలో బిడ్డలను చూచుకొనే దియువానా అనే యువతి, యజమానులతో ఫ్రాన్సు వెళుతుంది. అక్కడ ఆమె చూచినది వంటగది, స్నానపుగది, పడకగది మాత్రమే. తల్లి వద్ద నుండి ఉత్తరం వస్తే యజమానే చదివి, ఆమె అడుగకుండానే ఆమె పేర జవాబు వ్రాయబూనుతాడు. తన మాట కూడ తనది కాని ఆ క్షణంలో ఆమె ఆ ఉత్తరాన్ని చించివేస్తుంది. చివరకు ప్రాణం తీసుకొంటుంది. యజమాని డబ్బు తెచ్చి ఇవ్వబోతే తల్లి తాకదు.

ఈ చిత్రంలో లోపం లేదా? ఉన్నది. దియువానా మనోభావాలన్నీ ఫ్రెంచి భాషలో, వేరొకరి గొంతుతో వినబడతాయి. తెలుగులో బి. నర్సింగరావు తీసిన 'దాసి' (1988)లో అర్చన మాటలతో పని లేకుండానే, దొర గడీలోని బానిసబ్రతుకును ముఖంలో చూపింది. ఆ మౌనం ముందు దియువానా స్వగతం కొంత అధికమనిపించింది.

భాషాలోపాన్ని సెంబేన్ తానే సవరించుకొన్నాడు. 1968లో వచ్చిన 'మందబి'లో పాత్రలు తమ వోలోఫ్ భాషలోనే మాట్లాడుకొంటారు. కథావస్తువు ఒక మనియార్డరు. ఇబ్రహీమా అనే నిరుద్యోగికి, పారిస్‌లో వీధులూడ్చే మేనల్లుడు 25,000 ఫ్రాంకులు పంపుతాడు. అందులో ఇబ్రహీమాకు చెందేది 2,000 మాత్రమే. ఆ సొమ్ము పుచ్చుకొనటానికి గుర్తింపుకార్డు కావాలి. దానికి జనన ధ్రువపత్రం, ఛాయాచిత్రం కావాలి. పుట్టినతేదీ ఆయనకే తెలియదు. కార్యాలయాల చుట్టూ తిరుగుతుండగానే ఇరుగుపొరుగువారు అప్పులకు వస్తారు. చదువుకొన్న బంధువొకడు ఆయన చేత అధికారపత్రం వ్రాయించుకొని, సొమ్ము తీసుకొని, జేబుదొంగలు కాజేశారని చెప్పి, ఒక బియ్యపుబస్తా చేతిలో పెడతాడు. ద్వితీయార్ధంలో ఒకే విధమైన సంఘటనలు పునరుక్తమైనాయని మాకు తోచింది. కాని వరుసలో నిలబడి తిరిగివచ్చే మనిషి అనుభవమే పునరుక్తి కదా అని పిమ్మట అనుకొన్నాము.

జిబ్రిల్ జాప్ మంబెటి తీసిన 'టూకీ బూకీ' (1973) మార్గం వేరు. ఎద్దుకొమ్ములు కట్టిన మోటారుసైకిలుపై తిరిగే మోరీ, అతని ప్రియురాలు అంటా, పారిస్ పోవాలని కలలు కంటారు. తీరా ఓడ ఎక్కే వేళకు అంటా వెళుతుంది, మోరీ నిలిచిపోతాడు. కాలక్రమం చెదరిన ఈ కథనం మమ్ము తికమకపెట్టింది. పశువధ దృశ్యాలు అవసరానికి మించి ఉన్నాయని ఇప్పటికీ మా అభిప్రాయం. అయినా, పోవటమా ఉండటమా అని యువకుని మనస్సు ఊగిసలాడే తీరును అంత నిజంగా చూపిన చిత్రాన్ని మేము అరుదుగా చూచాము.

మూడు చిత్రాలలోను సముద్రం ఉన్నది. వెళ్ళినవారు, నిలిచినవారు, ఎదురుచూచేవారు ఉన్నారు. ఇది మనకు కొత్తదా? పూర్వం కోరంగి రేవు నుండి మనవారు రంగం వెళ్ళేవారు. తరువాతి కాలంలో కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలకు ఇంటిపనికై వెళ్ళిన స్త్రీలు ఉభయ గోదావరి జిల్లాలలో ఎందరో. పాస్‌పోర్టు యజమాని చేతిలో, బిడ్డలు అమ్మమ్మ చేతిలో పెట్టి బ్రతికినవారు వారిలో ఉన్నారు. తల్లి పంపిన సొమ్ముతో ఫీజు కట్టి చదువుకొన్నవారు మన తరగతులలో లేరని ఎవరనగలరు? దియువానాను చూచినప్పుడు మా పక్కన కూర్చున్న విద్యార్థిని కన్నీరు తుడుచుకొన్నది. ఆమెకు ఉపశీర్షికల అవసరం కలుగలేదు.

గోదావరి తెరకు కొత్త కాదు. 1936లోనే రాజమండ్రిలో నిడమర్తి సూరయ్యగారు దుర్గా సినీటోన్ స్టూడియోను స్థాపించారు. 'మూగమనసులు' (1964) పడవను చూపింది. బాపుగారి 'సాక్షి' (1967) తక్కువ ఖర్చుతో పులిదిండి గ్రామంలోనే తయారైంది. నదిని ఇంత ప్రేమగా చూచిన కెమెరా, నదీతీరం విడిచిపోయిన ఆడపడుచు వెంట మాత్రం అరుదుగానే వెళ్ళింది. కంచరపాలెం వాసులే నటించిన 'కేరాఫ్ కంచరపాలెం' (2018) చూచిన తరువాత, సాధనాలు లేవన్న సాకు కూడ చెల్లదు.

కనుక విమర్శకుడు మూడు ప్రశ్నలు వేసుకొనాలి. ఈ చిత్రం ఎవరి కంటితో చూస్తున్నది? ఎవరి భాషలో మాట్లాడుతున్నది? ప్రతి దృశ్యం తన పని తాను చేస్తున్నదా? వీటికి సమాధానం వెదికినవాడు ఆఫ్రికా చిత్రాన్నే కాదు, వచ్చే శుక్రవారం మన ఊరి హాలుకు వచ్చే చిత్రాన్ని కూడ సరిగా తూచగలడు.

కళాశాల కమిటీవారికి మా విన్నపం ఒకటే. నెలకొక మంచి చిత్రాన్ని ప్రదర్శించి, అనంతరం ఉర్దూలోను తెలుగులోను చర్చ జరిపే ఏర్పాటు చేయండి. దానికి పెద్ద ఖర్చు లేదు. సెంబేన్ తనవారి కోసం తన భాషను తెరకెక్కించాడు. మన ఇండ్లలో వినిపించే రెండు భాషలలో, మన తల్లుల కథ చెప్పేవారు ఆ చర్చలో నుండే రావచ్చును.