ఉగ్గులో తల్లిపాలు

చిన్నతనం నుండి అబ్బిన విద్యను ‘ఉగ్గుపాలతో అబ్బిన విద్య’ అనడం తెలుగువారి వాడుక. పూర్వం చనుబాలలో కొద్దిగా ఆముదం కలిపి పసిబిడ్డకు పట్టేదానిని ఉగ్గు అనేవారు. ఆముదం పట్టే ఆచారాన్ని నేటి వైద్యశాస్త్రం అంగీకరించదు. ఇప్పుడు ఉగ్గు అంటే బియ్యం, పప్పు దోరగా వేయించి విసిరిన పిండితో కాచే మెత్తని ఆహారమని అందరూ ఎరుగుదురు. ఆముదం పోవడం మంచిదే. కాని దానితోపాటు గిన్నెలో నుండి తల్లిపాలు కూడా తొలగిపోయి, వాటి స్థానంలోకి నీళ్లు వచ్చాయి. ఈ మార్పు చిన్నదిగా కనిపించినా, బిడ్డ ఎదుగుదల దృష్ట్యా ఆలోచించదగినది.

ఆరు నెలలు నిండిన తరువాత

బిడ్డకు ఆరు నెలలు, అంటే సుమారు 180 రోజులు నిండేవరకు తల్లిపాలు తప్ప వేరే ఆహారం గాని, మంచినీళ్లు గాని అవసరం లేదు. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఈ విషయాన్ని పరిశీలించి, తల్లిపాలు మాత్రమే ఇవ్వవలసిన కాలం ఆరు నెలలని నిర్ధారించారు. మన ఇళ్లలో అన్నప్రాశన ఆరవ నెలలో చేయడం కలదు. ఆరవ నెల ప్రవేశించడం వేరు, ఆరు నెలలు నిండడం వేరు. వేడుక ఎప్పుడు జరిగినా, రోజూ అన్నం పెట్టడం ఆరు నెలలు నిండిన తరువాతనే మొదలుకావాలి. అప్పటికి బిడ్డ మెడ నిలుపుతుంది, ఆసరా ఇస్తే కూర్చుంటుంది, నోటిలో పెట్టినదానిని నాలుకతో బయటకు నెట్టివేయడం మానుతుంది.

ఆ వయస్సులో పై ఆహారం ఎందుకు కావలసివస్తుంది? తల్లిపాల గుణం తగ్గిపోవడం వలన కాదు. బిడ్డ అవసరం పెరగడం వలన. ఆరు నుండి ఎనిమిది నెలల బిడ్డకు రోజుకు సుమారు 600 కెలోరీల శక్తి కావాలి. అందులో 400 వరకు తల్లిపాలే సమకూర్చగలవు. తక్కిన 200 కెలోరీలు పై ఆహారం నుండి రావాలి. తొమ్మిది నుండి పదకొండు నెలల మధ్య ఈ లోటు సుమారు 300 కెలోరీలకు, ఏడాది దాటిన తరువాత సుమారు 550 కెలోరీలకు పెరుగుతుంది.

ఇనుము విషయం మరింత ముఖ్యం. లీటరు తల్లిపాలలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఉన్న కొద్దిపాటి ఇనుము చక్కగా వంటబట్టినా, నెలలు నిండి పుట్టిన బిడ్డ తన కాలేయంలో దాచుకొని వచ్చిన నిలువ ఆరు నెలలకు దాదాపు ఖర్చయిపోతుంది. ఆ తరువాత ఆహారంలో ఇనుము అందకపోతే రక్తహీనత కలుగుతుంది. ఆ వయస్సులో మెదడు వేగంగా పెరుగుతూ ఉంటుంది కనుక, ఈ లోపం వలన కలిగే నష్టాన్ని తరువాత పూడ్చడం కష్టం.

పలుచని జావలోని చిక్కు

బిడ్డ జీర్ణాశయం చిన్నది. దానిలో కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్ల ఆహారం పడుతుంది. ఏడు కిలోల బిడ్డ ఒక పర్యాయం 200 మిల్లీలీటర్లకు మించి తీసుకోలేదన్నమాట. ఈ కొద్దిచోటును దేనితో నింపుతున్నామన్నదే అసలు ప్రశ్న.

పది గ్రాముల పిండిని 200 మిల్లీలీటర్ల నీటిలో కాచి జావ చేశామనుకుందాం. పది గ్రాముల పిండిలో ఉన్నవి సుమారు 35 కెలోరీలు. బిడ్డ కడుపు నిండుతుంది, ఏడుపు మానుతుంది, నిద్రపోతుంది. అందినవి మాత్రం ఆ 35 కెలోరీలే. అంతే పరిమాణం తల్లిపాలు త్రాగి ఉంటే 130 కెలోరీలు అందేవి. పలుచని జావ తల్లిపాలకు తోడుగా రావడానికి బదులు, వాటి చోటు ఆక్రమిస్తున్నది. రోజూ కడుపునిండా త్రాగుతున్న బిడ్డ కూడా బరువు పెరగకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

అయితే పిండి ఎక్కువ వేసి చిక్కగా కాస్తే సరిపోదా? 200 మిల్లీలీటర్ల నీటికి 40 గ్రాముల పిండి వేస్తే 140 కెలోరీలు వస్తాయి. కాని అది ముద్ద కడుతుంది. పండ్లు రాని బిడ్డ దానిని మింగలేక ఉమ్మివేస్తుంది. స్టార్చి అనే పిండిపదార్థం స్వభావమే ఇందుకు కారణం. దాని రేణువులు వేడినీటిలో నీరు పీల్చి ఎన్నో రెట్లు ఉబ్బి, ఒకదానితో ఒకటి అతుక్కొని గంజిగా బిగుస్తాయి. నీరు ఎక్కువైతే బలం ఉండదు; పిండి ఎక్కువైతే బిడ్డ తినదు. ఈ చిక్కును విడదీసే ఉపాయం తల్లిపాలలోనే ఉన్నది.

తల్లిపాలలోని ఎంజైము

బిడ్డ తిని మిగిల్చిన ఉగ్గు కొంతసేపటికి నీరుకారడం తల్లులందరూ చూసే విషయమే. చెంచాతోపాటు గిన్నెలోకి చేరిన లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము ఈ పని చేస్తుంది. స్టార్చి అణువు పొడవైన గొలుసువంటిది. అమైలేజ్ ఆ గొలుసును చిన్న ముక్కలుగా, చివరకు మాల్టోజ్ వంటి చక్కెరలుగా ఛేదిస్తుంది. గొలుసులు తెగగానే గంజి పట్టు సడలి పలుచనవుతుంది. 1833లో పేయెన్, పెర్సోజ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు మొలకెత్తిన ధాన్యం నుండి ఇటువంటి పదార్థాన్ని వేరుచేసి, దానికి డయాస్టేజ్ అని పేరుపెట్టారు.

ఇదే ఎంజైము తల్లిపాలలో కూడా ఉన్నది. ముర్రుపాలలో ఎక్కువగా ఉండి, క్రమంగా తగ్గినప్పటికీ నెలల తరబడి కొనసాగుతుంది. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్‌ను పెద్దవారిలో క్లోమం విరివిగా తయారుచేస్తుంది. పసిబిడ్డ క్లోమానికి ఆ శక్తి నెమ్మదిగా వస్తుంది. ఆ లోటును కొంతవరకు తల్లిపాలు తీరుస్తాయి.

కనుక చిక్కగా కాచిన ఉగ్గులో నీటికి బదులు కొద్దిగా తల్లిపాలు కలిపితే రెండు ప్రయోజనాలు కలుగుతాయి. ఉన్న బలం పోకుండానే ఉగ్గు మింగడానికి వీలుగా జారుడుగా తయారవుతుంది. బిడ్డకు పరిచయమైన రుచి తగలడం వలన కొత్త ఆహారాన్ని సులభంగా అంగీకరిస్తుంది.

ఇక్కడ ఒక నియమం మరువరాదు. ఎంజైములు వేడికి చెడిపోతాయి. పాలు పోసి ఉగ్గును ఉడికిస్తే అమైలేజ్ నశిస్తుంది. రోగాలనుండి కాపాడే రక్షకపదార్థాలు కూడా దెబ్బతింటాయి. పొయ్యి మీద నుండి దింపి, గోరువెచ్చగా చల్లారిన తరువాతనే పాలు కలపాలి.

తయారుచేసే విధం

రెండు పాళ్లు బియ్యం, ఒక పాలు పెసరపప్పు కడిగి ఆరబెట్టి, విడివిడిగా దోరగా వేయించి, సన్నని రవ్వగా విసిరి పెట్టుకోవాలి. బియ్యపు మాంసకృత్తులలో లైసీన్ తక్కువ. పప్పులో అది సమృద్ధి. పప్పులో కొరతపడే మిథియోనీన్ బియ్యంలో దొరుకుతుంది. అందుచేత రెండూ కలిస్తే మాంసకృత్తుల నాణ్యత పెరుగుతుంది. ఈ రవ్వను చిక్కగా, మెత్తగా ఉడికించి, అర చెంచా నెయ్యి గాని నూనె గాని వేయాలి. చల్లారిన తరువాత బిడ్డ ఒక పూట తినగలిగినంత వేరే గిన్నెలోకి తీసి, రెండు మూడు చెంచాల తల్లిపాలు కలిపి కొద్ది నిమిషాలు ఉంచితే ఉగ్గు వదులవుతుంది.

ఉడికించిన చిలగడదుంపను, తియ్యగుమ్మడిని, బంగాళాదుంపను కూడా ఉండలు లేకుండా మెదిపి ఇట్లే పాలు కలుపవచ్చును. బాగా మగ్గిన అరటిపండుకు ఉడికించే పని కూడా లేదు.

కాని తల్లిపాలు కలిపినంత మాత్రాన ఇనుము లోటు తీరదు. అందుకు పప్పుతో ఉడికించి మెదిపిన ఆకుకూర, బాగా ఉడికిన గ్రుడ్డు, మాంసాహారులైతే మెత్తగా ఉడికించి నూరిన మాంసం లేక కాలేయం క్రమంగా అలవాటు చేయాలి. ఆకుకూరలలోని ఇనుము వంటబట్టడానికి జామ, టమాటా, నిమ్మవంటి వాటిలోని సి విటమిను తోడ్పడుతుంది. ఏడాది నిండేవరకు ఉప్పు, పంచదార వేయవలసిన పని లేదు. తేనె అసలే పనికిరాదు. అందులో ఉండగల ఒకరకం సూక్ష్మజీవి బీజాలు పసిబిడ్డ ప్రేగులలో పెరిగి, ప్రాణాపాయకరమైన విషాన్ని పుట్టించగలవు.

పాలు పిండడానికి వీలులేనప్పుడు

అందరు తల్లులకూ పాలు పిండి తీయడం సాధ్యం కాకపోవచ్చు. అటువంటివారు ఉగ్గు పెట్టిన వెంటనే బిడ్డకు చనుబాలు ఇస్తే చాలు. ఆ పాలలోని అమైలేజ్ బిడ్డ ప్రేగులలో తన పని తాను చేస్తుంది.

ఉగ్గును పలుచన చేయడానికి మొలకల పిండి మరొక మార్గం. గింజ మొలకెత్తేటప్పుడు తనలోని స్టార్చిని కరిగించుకొనడానికి అమైలేజ్‌ను సొంతంగా తయారుచేసుకొంటుంది. బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో 1980 దశకంలో తారా గోపాల్‌దాస్, ఆమె సహచరులు ఈ పద్ధతిపై విస్తృతంగా పరిశోధించారు. రాగులు గాని గోధుమలు గాని రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి ఒకటి రెండు రోజులు మొలకెత్తనిచ్చి, ఎండబెట్టి, మొలకలు నలిపి రాల్చి, పైపైన వేయించి విసరాలి. ఎక్కువగా వేయిస్తే ఎంజైము చెడుతుంది. చిక్కని ఉగ్గును దింపిన తరువాత, కొంచెం వేడి తగ్గగానే ఒక చెంచా మొలకపిండి కలిపితే నిమిషాలలో జారుడవుతుంది. మొలకపిండిలో సూక్ష్మజీవులు ఉండవచ్చును కనుక, పలుచబడిన తరువాత మరల ఒక పొంగు రానిచ్చి చల్లార్చి పెట్టాలి.

శుభ్రత, పరిమాణం

పాలు తీసేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మరిగేనీటిలో ఉంచి తీసిన స్టీలుగిన్నె వాడాలి. తీసిన పాలను మామూలు గదివేడిమిలో నాలుగు గంటలకు మించి ఉంచరాదు. మన ఎండాకాలంలో అంతకన్న ముందే వాడివేయడం మేలు. రిఫ్రిజిరేటరులో నాలుగు రోజులవరకు నిలువ ఉంటాయి. వాడేముందు గిన్నెను వేడినీటిలో కొంతసేపు ఉంచి వెచ్చబరచాలేగాని, పొయ్యిమీద మరిగించరాదు. పాలు కలిపిన ఉగ్గులో బిడ్డ మిగిల్చినది మరుపూటకు దాచరాదు. తల్లి దీర్ఘకాలంగా మందులు వాడుతున్నప్పుడు పాల విషయమై వైద్యుని సలహా పొందాలి.

తొలిరోజులలో రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం వరకు, రోజుకు రెండు మూడు పర్యాయాలు పెంచుకొంటూ పోవాలి. తొమ్మిది నెలల నుండి మూడు నాలుగు పర్యాయాలు పెట్టాలి. ఉగ్గు సరిగా ఉన్నదా లేదా తెలుసుకొనడానికి చెంచాయే కొలత: చెంచాను వంచగానే నీటివలె కారిపోతే అది పలుచన, మెల్లగా జారితే సరియైన పాకం. నెలలు గడిచేకొద్దీ మెదపడం తగ్గించి, చిన్న ముద్దలు అలవాటు చేయాలి.

తల్లిపాలు ఇవ్వడం మాత్రం మానరాదు. రెండేళ్లు, వీలైతే ఆ పైని కూడా కొనసాగించాలి. గిన్నెలో కలిపే రెండు మూడు చెంచాల పాలు రొమ్ము పట్టడానికి బదులు కావు. అవి ఉగ్గును బిడ్డకు అనువుగా మార్చే సాధనం మాత్రమే. ఈ పద్ధతికి కొత్తగా కొనవలసిన సామగ్రి లేదు. ఉగ్గు చిక్కగా కాచడం, చల్లారిన తరువాత పాలు కలపడం, ఆ పూటకు ఆ పూట వాడివేయడం అనే మూడు అలవాట్లు చాలు. బిడ్డ త్రాగుతున్నది నీళ్లజావ కాక ఆహారం అవుతుంది.