ట్రాక్టరు ముందు చక్రం బేరింగు: ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు

దమ్ము ముగిసి నాట్లు పడ్డాక ట్రాక్టరును పాకలో పెట్టేసి, మళ్లీ కోతల నాడు బయటికి తీయడం చాలామంది రైతులకు అలవాటు. ఈ మధ్య కాలంలో తప్పకుండా చూసుకోవలసినవి ముందు చక్రాల బేరింగులు. దమ్ములో నీళ్లు తాగిన బేరింగు పాకలో నిలబడి ఉన్నంతకాలం లోలోపల తుప్పు పడుతుంది. తీరా ధాన్యం బస్తాలు వేసుకుని గట్టు మీద వెళ్లేటప్పుడు విరుగుతుంది. ఒక పక్క కాలువ, మరో పక్క చేపల చెరువు ఉండే కొల్లేరు దారుల్లో ముందు చక్రం ఊడితే బండి తిరగబడుతుంది. అప్పుడు పోయేది బస్తాలే కాదు, తోలేవాడి ప్రాణం కూడా. బేరింగు ధర ఆ నష్టం ముందు లెక్కలోకి రాదు. మామూలు టూవీల్ డ్రైవ్ ట్రాక్టరుకైతే ఈ పని ఇంటి దగ్గర ఒక పూటలో అయిపోతుంది.

లోపల ఏముంటుంది?

ప్రతి ముందు చక్రం హబ్బులో రెండు బేరింగులుంటాయి. లోపలి వైపు పెద్దది, బయటి వైపు చిన్నది. ఇవి టేపర్ రోలర్ రకం. అంటే లోపలి రోలర్లు ఒక చివర లావుగా, మరో చివర సన్నగా ఉంటాయి. బండి బరువుతో పాటు మలుపు తిరిగేటప్పుడు పక్కకు తోసే బలాన్ని కూడా ఇవి మోస్తాయి. అమెరికాలో గుర్రపు బళ్లు తయారుచేసే హెన్రీ టిమ్కెన్ 1898లో ఈ రకం బేరింగుకు పేటెంటు పొందాడు. బరువుతో మలుపు తిరిగే బండి ఇరుసు కోసం పుట్టిన ఈ బేరింగే నేటికీ ట్రాక్టర్లలో, ట్రక్కుల్లో, లారీల్లో తిరుగుతోంది.

బేరింగులో రెండు భాగాలు. రోలర్లతో ఇరుసు మీద కూర్చునేది కోను. హబ్బులో బిగువుగా దిగి ఉండే ఉక్కు కట్టు కప్పు. లోపలి బేరింగు వెనక రబ్బరు అంచు ఉన్న ఆయిల్ సీలు ఉంటుంది. గ్రీజు బయటికి పోకుండా, నీళ్లు లోపలికి రాకుండా కాపాడేది ఇదే.

మన ప్రాంతంలో ఎందుకు త్వరగా పోతాయి?

ఏలూరు, దెందులూరు, భీమడోలు, కైకలూరు పల్లపు పొలాల్లో సార్వాకు, దాళ్వాకు దమ్ము చేసేటప్పుడు ముందు చక్రాలు హబ్బు దాకా బురదలో దిగుతాయి. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేటిలో కలిస్తే లంక గ్రామాల దారుల మీద నీళ్లు నిలుస్తాయి. 2024 సెప్టెంబరు వరదల్లో ఇదే జరిగింది. అలాంటప్పుడు ఊరికి ఆధారం ట్రాక్టరే. తాడేపల్లిగూడెం ఎగువన మెట్ట నేలల్లో నీటి బెడద తక్కువ. అక్కడ ఇసుక, దుమ్ము సీలు అంచును అరగదీస్తాయి.

ఇంకో కారణం మన అలవాటులోనే ఉంది. రోడ్డు మీద లోడు లాగి వచ్చిన హబ్బు వేడిగా ఉంటుంది. ఆ వేడి మీదే బండిని కాలువలో దింపి కడుగుతాం. హబ్బు చల్లబడగానే లోపలి గాలి కుంచించుకుని, సీలు సందుల్లోంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. అందువల్ల అరగంటైనా ఆగి కడగడం మంచిది. ప్రెషర్ పంపుతో కడిగేవారు నీటి ధారను నేరుగా సీలు మీద కొట్టరాదు.

పోయినట్టు ఎలా తెలుస్తుంది?

ముందు ఇరుసును జాకీతో లేపి చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ముందుకీ వెనక్కీ ఊపాలి. టకటకమని ఆడితే బేరింగు అరిగిందో, నట్టు వదులైందో అనుకోవాలి. ఇలా చూసేటప్పుడు కింగ్‌పిన్ను కదులుతోందేమో కూడా గమనించాలి. దాని అరుగుదలను బేరింగు లోపమని పొరబడి ఖర్చు పెట్టేవారున్నారు. చక్రాన్ని చేత్తో తిప్పితే గరగరమని శబ్దం వచ్చినా, కాసేపు నడిపాక ఒక హబ్బు రెండోదానికంటే బాగా వేడెక్కినా, సీలు దగ్గర గ్రీజు కారుతున్నా హబ్బు విప్పి చూడవలసిందే.

విప్పే పద్ధతి

జాకీ, లావుపాటి దుంగలు, పానాలు, కటింగ్ ప్లయరు, సుత్తి, ఇత్తడి కడ్డీ లేక మెత్తని ఇనుప కడ్డీ, డీజిలు, పాత గుడ్డలు, పళ్లెం సిద్ధం చేసుకోవాలి. బండిని సిమెంటు నేల మీద పెట్టాలి. మన బంకమట్టిలో జాకీ దిగిపోతుంది. తప్పదనుకుంటే కింద మందపాటి చెక్క వేయాలి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టాలి.

చక్రం నేల మీద ఉండగానే దాని నట్లను కొద్దిగా వదులు చేసి, తర్వాత లేపాలి. లేపాక ఇరుసు కింద దుంగలు పెట్టి బరువును వాటి మీదికి దించాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి పని చేయరాదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు.

చక్రం తీసి, హబ్బు మీది టోపీ ఊడదీయాలి. స్ప్లిట్ పిన్ను లాగి, గాడుల నట్టు, వాషరు తీస్తే బయటి కోను చేతికి వస్తుంది. హబ్బును మెల్లగా ముందుకు లాగాలి. సీలును ఊడబెరికితే లోపలి కోను వస్తుంది. భాగాలను తీసిన వరుసలోనే పళ్లెంలో పెట్టుకోవాలి. రెండు చక్రాలనూ ఒకేసారి విప్పితే భాగాలు కలిసిపోతాయి. ఒకటి ముగించాకే రెండోది.

చూడవలసిన గుర్తులు

గ్రీజు చిలికిన మజ్జిగలా తెల్లబడితే నీళ్లు చేరినట్టు. అన్నింటినీ డీజిలుతో కడిగి ఆరబెట్టి వెలుతురులో చూడాలి. రోలర్ల మీద, కప్పు లోపల గుంటలు, పెచ్చులు, తుప్పు మరకలు ఉంటే అది పనికిరాదు. నీలి రంగు తిరిగితే బాగా వేడెక్కిందని అర్థం. ఇరుసు మీద గీతలు పడ్డాయేమో, కోను వదులుగా తిరుగుతోందేమో కూడా చూడాలి. ఇరుసే అరిగితే కొత్త బేరింగు వేసినా నిలవదు. దాన్ని మెకానిక్‌కు చూపించాలి.

పాత బేరింగు మీద చెక్కి ఉన్న నంబరు రాసుకుని, వీలైతే పాత ముక్కనే కొట్టుకు పట్టుకెళ్లాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం కొట్లలో ట్రాక్టరు బేరింగులు దొరుకుతాయి. మార్కెట్లో నకిలీ సరుకు కూడా తిరుగుతోంది కనుక బిల్లు తీసుకోవాలి. కోను మాత్రం కొత్తది వేసి, పాత కప్పు ఉంచేయడం దండగ పని. రెండూ ఒక జతగా మార్చాలి. సీలు, స్ప్లిట్ పిన్ను ఎప్పుడూ కొత్తవే వేయాలి.

కొత్తది బిగించడం

పాత కప్పును హబ్బు లోపలి నుంచి కడ్డీతో కొట్టి తీయాలి. ఒకే చోట కొడితే ఓరగా ఇరుక్కుంటుంది. ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ ఎదుటి వైపు వేస్తూ రావాలి. కొత్త కప్పును రెండు గంటలు ఫ్రిజ్జు పైఅరలో ఉంచితే కొంచెం కుంచించుకుని తేలిగ్గా దిగుతుంది. అడుగుకు తగలగానే సుత్తి శబ్దం గట్టిగా మారుతుంది. అంతకుమించి కొట్టనక్కర్లేదు. రోలర్లు తిరిగే నున్నని ముఖం మీద దెబ్బ పడకూడదు.

గ్రీజు అరచేతిలో వేసుకుని, కోను వెడల్పు వైపును దానికేసి అదుముతూ రోలర్ల సందుల్లోంచి రెండో వైపు పైకి వచ్చేదాకా నింపాలి. పైపైన పూస్తే లాభం లేదు. వీల్ బేరింగు గ్రీజే వాడాలి, పాతదానితో కలపకూడదు. హబ్బు ఖాళీని నిండా కూరవద్దు. సగం దాటితే వేడెక్కి సీలును తోసేస్తుంది. లోపలి కోను పెట్టి, సీలు అంచు బేరింగు వైపు ఉండేలా చుట్టూ సమంగా కొట్టి దించాలి. అంచుకు కాస్త గ్రీజు రాయాలి.

నట్టు బిగింపే కీలకం

నట్టును ఎంత బలంగా బిగిస్తే అంత మంచిదనుకోవడం పొరపాటు. హబ్బును చేత్తో తిప్పుతూ, కొంచెం బరువుగా తిరిగేదాకా నట్టు బిగించాలి. రోలర్లు సర్దుకోవడానికి ఇది అవసరం. తర్వాత ఒక గాడి వెనక్కి తిప్పి, పిన్ను రంధ్రానికి గాడి ఎదురుగా వచ్చేలా చూడాలి. హబ్బు తేలిగ్గా తిరగాలి. ఊపితే ఆట తెలిసీ తెలియనట్టుండాలి. మరీ బిగువైతే వేడెక్కి కాలిపోతుంది. వదులైతే ఊగి గుంటలు పడుతుంది. మీ బండి పుస్తకంలో వేరే కొలత ఉంటే దాన్నే పాటించాలి. స్ప్లిట్ పిన్ను రెండు కాళ్లూ వంచి, టోపీ పెట్టి, చక్రం బిగించాలి. ఒక రోజు పని చేశాక మళ్లీ లేపి ఊపి చూసుకోవాలి.

ఇంటి దగ్గర చేయకూడనివి

ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రాక్టర్ల ముందు హబ్బులో గేర్లు, ఆయిలు ఉంటాయి. వాటిని వర్క్‌షాపులోనే విప్పించాలి. ముందు చక్రాలతో నడిచే కార్ల బేరింగులు ప్రెస్సు మీద ఎక్కించవలసినవి. సుత్తితో కొడితే కొత్తది కూడా పాడవుతుంది. ట్రక్కు చక్రాల బేరింగులు మాత్రం చాలావరకు పైన చెప్పిన పద్ధతిలోనే ఉంటాయి. కోతలకు ముందు వాటినీ ఇలాగే చూసుకోవాలి.

హబ్బుకు గ్రీజు నిపిలు ఉంటే దమ్ము రోజుల్లో సాయంత్రం పని దిగగానే రెండు, మూడు పోట్లు గ్రీజు కొట్టాలి. సీలు అంచున చేరిన నీళ్లు, బురద దాంతో బయటికి వస్తాయి. నిపిలు లేని బండికి ప్రతి దమ్ము సీజను తర్వాత హబ్బు విప్పి గ్రీజు మార్చడం మంచిది. సీలు అరిగిందనిపిస్తే వెంటనే మార్చాలి. పల్లపు నేలల్లో బేరింగు ఎన్నాళ్లు నిలుస్తుందనేది చాలావరకు ఆ సీలు మీదే ఆధారపడి ఉంటుంది.