కృప బాకీ ఎగ్గొట్టమనలేదు

అపోహ: కృపలోకి వచ్చినవాళ్ళకు ఆజ్ఞలతో పనిలేదు.

తిరుపతి, చిత్తూరు వైపు సంఘాల్లో ఈ మాట కూటాల్లోనూ ఫోన్ వీడియోల్లోనూ తెగ తిరుగుతోంది. మాటతోనే ఆగిపోతే వదిలేయొచ్చు, కానీ ఆగడం లేదు. చీటీ పాడుకుని, డబ్బు చేతికి రాగానే కంతులు ఎగ్గొట్టినవాడు బాప్తిస్మం తీసుకుని, "ప్రభువే నా పాపాలన్నీ కొట్టేశాడు, అడగడానికి మీరెవరు?" అంటున్నాడు. రాత్రి భార్యను కొట్టినవాడు ఆదివారం ప్రభువు బల్ల దగ్గర మోకరిస్తే, "ఆయన కృపలో ఉన్నాడమ్మా, నువ్వే క్షమించి సర్దుకుపో" అని పెద్దలు ఆమెను ఆ ఇంటికే తిరిగి పంపుతున్నారు. కూలి డబ్బులో మిగిల్చి చీటీ కట్టిన ఆడమనిషికీ, దెబ్బలు తిన్న ఇల్లాలికీ కృప పేరు చెప్పి నోరు మూయించడం ఘోరం.

వాస్తవం: ఈ బోధకు ఆధారంగా చూపేది రోమా పత్రిక 6వ అధ్యాయం 14వ వచనం. విశ్వాసి ధర్మశాస్త్రం కింద లేడు, కృప కింద ఉన్నాడని పౌలు అక్కడ చెప్పింది నిజమే. మరి 15వ వచనం ఎందుకు చదవరు? అలాగైతే పాపం చేయొచ్చా అని తనే అడిగి, కూడదని తనే తెగేసి చెప్పాడు. 3వ అధ్యాయం చివర, విశ్వాసం ధర్మశాస్త్రాన్ని నిలబెడుతుందన్నాడు. 13వ అధ్యాయంలో వ్యభిచారం, నరహత్య, దొంగతనం వద్దన్న ఆజ్ఞల్ని ఏకరువు పెట్టి, పొరుగువాణ్ణి ప్రేమిస్తే అవన్నీ నెరవేరినట్టేనన్నాడు. క్రీస్తులో ఉన్నవాడి మీద ధర్మశాస్త్రం తీర్పు ఇక నిలవదు. దాన్ని పాటించి రక్షణ సంపాదించుకుందామన్న ఆశ కూడా చెల్లదు. అంతేగాని, ఒకరి సొమ్ము తినకూడదన్న ఆజ్ఞను పౌలు ఎక్కడా రద్దు చేయలేదు.

సుంకరి జక్కయ్య కథ బడిపిల్లలకూ తెలుసు. చెట్టెక్కిన సంగతి దగ్గరే చాలామంది ఆగిపోతారు. అతను మారకముందే, పైసా తిరిగివ్వకముందే, యేసు అతని ఇంటికి వస్తానన్నాడు. అది కృప. ఆ తర్వాత జక్కయ్య ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని లేచి చెప్పాడు. ఈ నాలుగింతల లెక్క ధర్మశాస్త్రంలోనే ఉంది: గొర్రెను దొంగిలించి కోసుకున్నవాడో అమ్ముకున్నవాడో నాలుగు గొర్రెలివ్వాలని నిర్గమకాండం 22వ అధ్యాయం చెబుతుంది. తనంతట తానే తప్పు ఒప్పుకున్నవాడు అసలుతోపాటు అయిదోవంతు కలిపి ఇస్తే చాలని సంఖ్యాకాండం 5వ అధ్యాయంలో ఉంది. జక్కయ్య ఆ చిన్న లెక్కతో సరిపెట్టుకోలేదు, దొంగకు పడే జరిమానా తనకు తానే వేసుకున్నాడు. కృప అతన్ని ధర్మశాస్త్రం అడిగినదానికన్నా ముందుకే నడిపించింది.

మన రైతులకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. బ్యాంకులో రుణమాఫీ అయిందని ఎరువుల అంగడి బాకీ కూడా మాఫీ అయిందని ఎవరూ అనుకోరు. దేవుడు తనకు మనం పడ్డ అప్పు కొట్టేశాడు. పొరుగింటావిడ చీటీ డబ్బు ఆవిడది. ఫిలేమోనుకు రాసిన ఉత్తరంలో పౌలు, విశ్వాసిగా మారిన అతని దాసుడు ఒనేసిము గురించి, అతను నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో రాసుకో, నేనిస్తాను అన్నాడు. నమ్మాడు కాబట్టి బాకీ చెల్లిపోయిందని మాత్రం అనలేదు.

ఆజ్ఞల బోధ పాశ్చాత్యుల పాత చాదస్తమనేవాళ్ళు మన సంఘాల పుట్టుక చూడాలి. తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణాంధ్ర లూథరన్ సంఘం 1865లో జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ పనిలోంచి పుట్టింది. కేవలం కృప చేతనే రక్షణ అని, ఆ సంఘానికి పేరిచ్చిన లూథర్‌కన్నా గట్టిగా చెప్పినవాళ్ళు అరుదు. అయినా 1529లో ఆయన రాసిన చిన్న కాటకిజం (విశ్వాస బోధ పుస్తకం) పది ఆజ్ఞలతోనే మొదలవుతుంది. దొంగిలించవద్దన్న ఆజ్ఞకు అర్థం చెబుతూ, పొరుగువాడి ఆస్తిని, బతుకుతెరువును కాపాడటానికి సాయపడాలనీ నేర్పాడు. ఆజ్ఞల బోధ విశ్వాసులకు అక్కర్లేదని ఆయన సొంతూరివాడే, శిష్యుడే అయిన అగ్రికోలా బోధిస్తే, 1539లో లూథర్ దానికి వ్యతిరేకంగా పుస్తకమే రాశాడు. ఇక చిత్తూరు, మదనపల్లె వైపు పనిచేసిన ఆర్కాటు మిషన్ రిఫార్మ్డ్ సంఘానిది. వాళ్ళ హైడల్‌బర్గ్ కాటకిజం 1563 నాటిది. అందులో మనిషి దుస్థితి, విడుదల, కృతజ్ఞత అని మూడు భాగాలు. పది ఆజ్ఞల వివరణ మూడోదాంట్లో ఉంది: రక్షణ పొందినవాడు కృతజ్ఞతతో బతికే తీరు అది. ఒకరు ముందు పెట్టారు, ఒకరు చివర పెట్టారు. తీసేసినవాళ్ళు లేరు.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు.

పాత నిబంధన అంతా ధర్మశాస్త్రం, కొత్తదంతా కృప: కాదు, ఐగుప్తు నుంచి విడిపించాకే దేవుడు సీనాయి దగ్గర ఆజ్ఞలిచ్చాడు.

నగలు పెట్టుకుంటే రక్షణ పోతుంది: రక్షణ నగలతో రాలేదు, నగలతో పోదు.

దశమభాగం ఇవ్వకపోతే శాపం: ధర్మశాస్త్రం చెల్లిపోయిందని బోధించే నోటితోనే కానుకల వేళ మలాకీ 3వ అధ్యాయం చదివి భయపెట్టడం అన్యాయం.

ఆజ్ఞల గురించి ఎక్కువ మాట్లాడితే సంఘం పరిసయ్యుల సంఘమైపోతుంది: ఈ ఒక్కదాంట్లో నిజముంది, ఒప్పుకోక తప్పదు. తాగిన కూలివాణ్ణి బల్లకు దూరంగా పెట్టి, కట్నం లెక్కపెట్టి తీసుకున్న పెద్దమనిషికి ముందు వరుసలో కుర్చీ వేసిన సంఘాలున్నాయి. ఆ అవమానం పడ్డవాళ్ళు ఆజ్ఞలు వద్దన్న బోధ వైపు పరుగెత్తారంటే తప్పు వాళ్ళ ఒక్కరిదే కాదు. అయితే దానికి మందు ఆజ్ఞల్ని పెద్దమనిషికీ వర్తింపజేయడం. ఎవరికీ లేకుండా చేస్తే ఆ పెద్దమనిషికే లాభం.

కాబట్టి పెద్దలారా, సాక్ష్యం చెబుతానన్నవాడి చేతికి మైకు ఇచ్చేముందు ఎవరికి ఎంత ఇవ్వాలో అడగండి. ఒక్కసారిగా తీర్చలేకపోతే నెలకింతని కాగితం మీద రాయించి, ఇద్దరు పెద్దలు దగ్గరుండి కట్టించండి. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడి రమ్మన్నది యేసే కదా.

దెబ్బలు తింటున్న అమ్మా, క్షమించడమంటే దెబ్బలకు ఒళ్ళు అప్పగించడం కాదు. 2005 నాటి గృహహింస చట్టం మీకు అండగా ఉంది, 181కి ఫోన్ చేయండి. అయ్యగారూ, ఆమెను సర్దుకుపొమ్మనకండి. అవసరమైతే పోలీసు స్టేషన్ దాకా ఆమెకు తోడు వెళ్ళండి. కొట్టిన భర్తకు మారుమనస్సు నిజంగా వచ్చిందో లేదో అతని ఏడుపును బట్టి తేల్చకండి. ఆమెకు భయం తీరిందా అని ఆమెనే అడగండి.